‘స్వల్ప ప్రభావం’ అనే మాట వెనుక: ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల పర్యావరణ నివేదికలపై ఒక విమర్శ

పరిచయం

ఇంతకు ముందు పాఠాల్లో మీరు కథను, కవితను, వ్యాసాన్ని విమర్శ దృష్టితో ఎలా చదవాలో తెలుసుకున్నారు. ఈ పాఠంలో మనం చదవబోయేది సాహిత్యం కాదు. ఒక బొగ్గు గనిని తెరవడానికి ముందు తయారయ్యే పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక. దీన్ని విమర్శకులు సాధారణంగా ముట్టుకోరు. వందల పేజీలు, పట్టికలు, పటాలు, అనుబంధాలు ఉంటాయి. చదివించే గుణం ఉండదు. అయినా ఇదీ ఒక పాఠ్యమే. దీనికి ఒక కథకుడు ఉంటాడు, ఒక దృష్టికోణం ఉంటుంది, చెప్పిన సంగతులూ చెప్పకుండా వదిలేసిన సంగతులూ ఉంటాయి. కథను చదివినప్పుడు “ఇది ఎవరు చెబుతున్నారు? ఎవరికి చెబుతున్నారు?” అని మీరు అడిగారు కదా, అవే ప్రశ్నలు ఇక్కడా అడగాలి.

మొదటి ప్రశ్నకు జవాబు సులభం. గని తెరవాలనుకునే సంస్థ ఒక కన్సల్టెన్సీని నియమించుకుంటుంది. రాయించుకునేదీ డబ్బు చెల్లించేదీ ఆ సంస్థే. కాబట్టి నివేదికలోని అంకెలన్నీ అబద్ధాలని అనుకోనక్కరలేదు, అలా అనుకోవడం విమర్శ కాదు, అనుమానం మాత్రమే. అంకెలు చాలావరకు కొలిచినవే. అయితే ఏది కొలవాలి, ఎప్పుడు కొలవాలి, కొలిచినదానికి ఏ పేరు పెట్టాలి అన్న నిర్ణయాల్లోనే అసలు కథ నడుస్తుంది. ఆ నిర్ణయాలను బయటికి తీసి చూడటం ఈ పాఠం ఉద్దేశం.

మన దేశంలో ఈ నివేదికలు 1994 జనవరిలో వెలువడిన నోటిఫికేషన్‌తో చట్టబద్ధమయ్యాయి. 2006 సెప్టెంబరు 14న వచ్చిన నోటిఫికేషన్ ఇప్పటికీ దీనికి ఆధారం. దాని ప్రకారం ముసాయిదా నివేదిక తయారయ్యాక, జిల్లా కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. అంటే వందల పేజీల పాఠ్యాన్ని చదివి, అర్థం చేసుకుని, జవాబు చెప్పడానికి ఒక ఊరికి దొరికే గడువు సుమారు నెల రోజులు. ఆ ఊళ్లో డిగ్రీ చదువుతున్నవారు ఎవరైనా ఉంటే ఆ నివేదిక చివరికి వారి చేతికే వస్తుంది. మీలో కొందరికి ఈ అనుభవం ఇప్పటికే ఉండవచ్చు.

బాయి నుంచి బొందలగడ్డ దాకా

మన ఉదాహరణ గోదావరి లోయ బొగ్గు క్షేత్రం. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో, సింగరేణి గ్రామం దగ్గర, బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, సత్తుపల్లి ప్రాంతాలన్నీ ఈ కోల్‌బెల్ట్‌లోవే.

కోల్‌బెల్ట్‌లో గనిని ‘బాయి’ అంటారు. బావిలోకి దిగినట్టు దిగి బొగ్గు తెచ్చే పని కాబట్టి ఆ పేరు స్థిరపడింది. దాదాపు తొంభై ఏళ్లపాటు ఇక్కడ ఉన్నవి ప్రధానంగా ఆ బాయిలే. 1970ల మధ్యలో రామగుండం ప్రాంతంలో ఉపరితల తవ్వకం, అంటే ఓపెన్‌కాస్ట్, మొదలైంది. ఇప్పుడు ఏటా తీసే సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గులో పదింట ఎనిమిది పాళ్లకు పైగా ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. ఇదే కాలంలో ఉద్యోగాల సంఖ్య తగ్గింది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు.

భూగర్భ గనికీ ఓపెన్‌కాస్టుకూ తేడా సాంకేతికమైనది మాత్రమే కాదు. బాయి కింద ఉంటే ఊరు పైన ఉండగలిగేది. నేల కుంగడం వంటి ప్రమాదాలు ఉన్నా, పొలం పొలంగానే ఉండేది, ఒకే ఇంట్లో ఒకరు బాయికి, ఒకరు వ్యవసాయానికి పోయేవారు. ఓపెన్‌కాస్ట్‌లో అది కుదరదు. బొగ్గు మీద ఉన్నదంతా తొలగిస్తే తప్ప బొగ్గు రాదు. ఆ ‘ఉన్నదంతా’లో ఊరూ ఒకటి. తెలంగాణ ఉద్యమకాలంలో కోల్‌బెల్ట్‌లో ఓపెన్‌కాస్టులు వద్దన్న మాట అంత బలంగా వినిపించడానికీ, ‘బొందలగడ్డ’ అన్న పదం అంతగా వాడుకలోకి రావడానికీ కారణం ఇదే. బొందలగడ్డ అంటే శ్మశానం. ప్రజలు పెట్టిన ఆ పేరును గుర్తుంచుకోండి, నివేదిక పెట్టే పేర్లతో పోల్చి చూడాల్సి ఉంటుంది.

‘ఓవర్‌బర్డెన్’: ఒక పేరు చేసే పని

బొగ్గు పొర మీద ఉన్న మట్టి, రాయి మొత్తాన్ని గని పరిభాషలో ‘ఓవర్‌బర్డెన్’ అంటారు. తెలుగు పత్రాల్లో దీన్ని కొందరు ‘అధిభారం’ అని రాస్తారు, పత్రికలూ ప్రజలూ ‘ఓబీ మట్టి’ అంటారు. గని ఇంజనీరు దృష్టిలో ఆ పదం తప్పేమీ కాదు. ఆయనకు కావలసింది బొగ్గు, మిగిలినదంతా తొలగించాల్సిన బరువు. అయితే ఆ బరువులో అన్నిటికన్నా పైన ఉన్నది నల్లరేగడో, చెలక నేలో. వేల ఏళ్లలో ఏర్పడి, కొన్ని తరాలు పెంటపోసి చెరువు మట్టి తోలి సాగు చేసిన నేల. నివేదిక దాన్ని మొదటి అధ్యాయంలోనే ‘భారం’ అని పిలిచేసరికి, ఆ తర్వాతి అధ్యాయాల్లో దాని నష్టాన్ని లెక్కించే అవసరమే తగ్గిపోతుంది. బరువు దించుకుంటే నష్టమని ఎవరంటారు?

పరిమాణం తెలిస్తే ఈ పేరు ఎంత దాచిపెడుతుందో అర్థమవుతుంది. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో సగటున ఒక టన్ను బొగ్గుకు సుమారు ఆరు ఘనపు మీటర్ల ఓబీ తీయాల్సి వస్తుంది. మీ ఊళ్లో తిరిగే ట్రాక్టర్ ట్రాలీలో సుమారు మూడు ఘనపు మీటర్ల మట్టి పడుతుందనుకోండి. ఒక టన్ను బొగ్గుకు రెండు ట్రాలీల రాయీ మట్టీ. అంతేకాదు, నేలలో గట్టిగా ఒత్తుకుని ఉన్న రాయిని పేల్చి పగలగొడితే అది వదులై మరింత చోటు ఆక్రమిస్తుంది, పరిమాణం ఇంచుమించు పావు వంతు పెరుగుతుంది. కాబట్టి తవ్విన గుంటను తవ్విన మట్టితోనే పూడ్చేస్తాం అన్న వాక్యం చదివినప్పుడు ఆగి ఆలోచించండి. మొదటి కొన్నేళ్లలో గుంటలో చోటే ఉండదు, అక్కడ ఇంకా తవ్వుతూనే ఉంటారు. ఆ మట్టిని బయట వేరే భూమిలో గుట్టగా పోయాల్సిందే. ఆ గుట్ట కింద పడే భూమి గని తవ్వే భూమికి అదనం. చివరికి తవ్విన చోట కొంత గుంట, తవ్వని చోట కొంత గుట్ట మిగులుతాయి.

పై మట్టిని విడిగా తీసి భద్రపరిచి, తర్వాత తిరిగి పరుస్తామని ప్రతి నివేదికలోనూ ఉంటుంది. మాట మంచిదే. కాని మట్టి సంచిలో కట్టి దాచే సరుకు కాదు. ఏళ్ల తరబడి కుప్పగా ఉంటే లోపలి పొరలకు గాలి అందదు, సూక్ష్మజీవులూ వానపాములూ నశిస్తాయి, అందులోని విత్తనాలు మొలకెత్తే శక్తిని కోల్పోతాయి. అందువల్ల ‘పై మట్టిని భద్రపరుస్తారా?’ అన్నది సరైన ప్రశ్న కాదు. ‘ఎన్నేళ్లు కుప్పగా ఉంచుతారు? ఏ సంవత్సరంలో ఏ ముక్కలో తిరిగి పరుస్తారు?’ అని అడగాలి. నివేదికలోని సంవత్సరాల వారీ పట్టికలో దీనికి జవాబు దొరకాలి. దొరకకపోతే అదే మీ మొదటి అభ్యంతరం.

వానాకాలం లేని సంవత్సరం

నివేదికలో ‘ప్రస్తుత స్థితి’ అన్న అధ్యాయం ఒకటి ఉంటుంది. గని రాకముందు గాలి, నీరు, నేల, శబ్దం ఎలా ఉన్నాయో అందులో చెబుతారు. రేపు నష్టం జరిగిందని మీరు అంటే, దేనితో పోల్చి అంటున్నారన్న ప్రశ్నకు ఈ అధ్యాయమే ఆధారం. అందుకే దీన్ని అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాలి.

బొగ్గు గనుల విషయంలో ఈ కొలతలను ఒక రుతువులో తీస్తే చాలునని నిబంధన. ఆ రుతువు వానాకాలం కాకూడదని కూడా అందులోనే ఉంది. గాలి విషయంలో ఇది సబబే. వానలకు దుమ్ము అణిగిపోతుంది, అప్పుడు కొలిస్తే గాలి ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది. బావుల నీటిమట్టాన్ని సాధారణంగా వానలకు ముందు, వానల తర్వాత కూడా కొలుస్తారు. ఇంతవరకు నిబంధనను తప్పుపట్టలేం.

అయితే తెలంగాణ పల్లెలో నీటి కథ నడిచేదే వానాకాలంలో. గుట్ట మీద పడ్డ వాన వాగై, కుంట నింపి, ఆ కుంట మత్తడి దూకి కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి పోతుంది. గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ అంటే ఇదే. ఓబీ గుట్ట మీద గడ్డీ చెట్టూ నిలదొక్కుకోకముందు పడే పెద్ద వానకు ఆ మట్టి కొట్టుకుపోయేది ఈ దారిలోనే. కిందికి వచ్చిన ఒండ్రు చెరువు శిఖంలో చేరుతుంది, తూము పూడుతుంది, పొలం మీద పరుచుకుంటుంది. ఈ ప్రవాహం మొత్తం జరిగే నాలుగు నెలలు ప్రస్తుత స్థితి కొలతల్లో లేకపోతే, చెరువుకు రావాల్సిన నీరు ఎంత, వచ్చే ఒండ్రు ఎంత అన్నదానికి గనికి ముందు నాటి లెక్క ఏదీ ఉండదు. తర్వాత చెరువు పూడితే, అది ఎప్పుడూ పూడుతూనే ఉందని ఎవరైనా అనవచ్చు, కాదనడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

ఇక్కడ మీరు ఒక సంగతి గ్రహించాలి. నివేదిక ఏదో దాచిందని కాదు. గాలికి సరిపోయే కాలాన్ని నీటికి కూడా వర్తింపజేసింది, అంతే. పాఠ్యాల్లోని పెద్ద లోపాలు చాలాసార్లు ఇలాగే, ఎవరి దురుద్దేశమూ లేకుండా, ఒక నమూనాను పాటించడం వల్ల వస్తాయి. అందుకే వాటిని పట్టుకోవడం కష్టం.

‘పరిమితికి లోబడి’

గాలి నాణ్యత పట్టిక కింద తరచుగా కనిపించే వాక్యం ‘విలువలన్నీ నిర్దేశిత పరిమితికి లోబడి ఉన్నాయి’ అన్నది. ఏ పరిమితి? మన దేశంలో సాధారణ నివాస ప్రాంతాలకు 2009 ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటున పీఎం 10 ధూళి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదు. బొగ్గు గనులకు 2000 సంవత్సరంలో విడిగా ప్రమాణాలు ప్రకటించారు. వాటి ప్రకారం కొత్త గనుల దగ్గర, దుమ్ము లేచే చోటికి 500 మీటర్ల దూరంలో, ఇదే రకం ధూళి 250 దాకా ఉండవచ్చు. ఆ 500 మీటర్ల లోపల నివాసాలు ఉంటే మాత్రం సాధారణ ప్రమాణాలే వర్తించాలి. ఒకే గాలి ఒక కొలబద్దతో చూస్తే పరిమితిని రెండున్నర రెట్లు దాటినట్టు, మరో కొలబద్దతో చూస్తే పరిమితికి లోబడినట్టు కనిపించవచ్చు. అందువల్ల ఆ వాక్యం చదవగానే రెండు పనులు చేయండి. పట్టిక అడుగున ఏ ప్రమాణాన్ని పేర్కొన్నారో చూడండి. గని హద్దు నుంచి చివరి ఇంటికి ఎన్ని మీటర్లో పటం మీద కొలవండి.

బ్లాస్టింగ్ విషయంలోనూ ఇదే తర్కం. ఇళ్ల దగ్గర నేల కంపన వేగం సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు ఉండవచ్చో గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో నిర్దేశించింది. తక్కువ పౌనఃపున్యం ఉన్న కంపనాలకు, అంటే సెకనుకు 8 సార్లకన్నా తక్కువగా ఊగేవాటికి, సంస్థకు చెందని సాధారణ ఇళ్ల దగ్గర ఆ పరిమితి 5 మిల్లీమీటర్లు. సత్తుపల్లిలో ఓపెన్‌కాస్ట్ పక్కన ఉన్న కాలనీల వారు గోడలు పగుళ్లిస్తున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. కొలతల్లో కంపనం పరిమితి లోపలే ఉందని తేలిన రోజున కూడా పగిలిన గోడ పగిలిన గోడే. రోజూ ఒకటి రెండుసార్లు చొప్పున పదేళ్లు ఊగిన మట్టిగోడ ఇంటికి, ఒక్కసారి కొలిచిన కంపనానికి మధ్య సంబంధాన్ని నివేదిక చర్చించదు. ఆ చర్చ ఎక్కడైనా ఉందేమో మీరే వెతికి చూడండి.

బఫర్ జోన్‌లోని మనుషులు

ఇప్పుడు ఈ పాఠంలోని ముఖ్యమైన భాగానికి వద్దాం. నివేదిక భూమిని రెండుగా విభజిస్తుంది. గని హద్దుల లోపలిది ‘కోర్ జోన్’, దాని చుట్టూ పది కిలోమీటర్ల మేర ఉన్నది ‘బఫర్ జోన్’. కోర్ జోన్‌లో ఉన్నవారికి పరిహారం, పునరావాసం ఉంటాయి. బఫర్ జోన్‌లో ఉన్నవారికి కొలతలు ఉంటాయి.

తర్వాత ఒక్కొక్క అంశానికీ ఒక్కొక్క అధ్యాయం: నీరు, గాలి, నేల, జీవవైవిధ్యం, సామాజిక ఆర్థిక స్థితి. పల్లె బతుకు మాత్రం ఇలా అధ్యాయాలుగా విడిపోయి ఉండదు. ఒక రైతు బావినే తీసుకోండి. గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా మధ్యనా ఉన్నది ఇసుకరాయి. అందులో నీరు నిలుస్తుంది, కదులుతుంది. గని లోతుకు పోయేకొద్దీ అందులోకి ఊరే నీటిని రాత్రింబవళ్లు మోటార్లతో తోడిపోయాలి. అప్పుడు చుట్టుపక్కల నేలలోని నీరు గుంట వైపు జారుతుంది. ముందుగా ఎండేది దగ్గరి బావులు. రైతు బోరు వేస్తాడు. అది ఎండితే ఇంకా లోతుకు వేస్తాడు. బోరుకు అప్పు చేస్తాడు. నీళ్లు చాలక వరి మానేసి పత్తి పెడతాడు. వరి లేకపోతే గడ్డి లేదు, గడ్డి లేకపోతే ఎడ్లనూ బర్రెలనూ అమ్మేస్తాడు. పశువులు పోతే పెంట లేదు, నేల బలం తగ్గుతుంది. బావి ఎండటం ‘నీరు’ అధ్యాయంలోది, అప్పు ‘సామాజిక ఆర్థిక’ అధ్యాయంలోది, పెంట ఏ అధ్యాయంలోనూ లేదు. ఒక్కొక్క అధ్యాయంలో ప్రభావం ‘స్వల్పం’ అని విడివిడిగా తేలుతుంది. ఆ స్వల్పాలన్నీ ఒకే ఇంటి మీద పడితే ఎంత అవుతుందో కూడి చూపే అధ్యాయం ఉండదు. ఓపెన్‌కాస్ట్ నివేదికలపై నాకున్న ప్రధాన అభ్యంతరం ఇదే. మిగిలిన లోపాలను నిబంధనలు మార్చి సవరించవచ్చు. ఇది మాత్రం పల్లెను చూసే పద్ధతిలోనే ఉన్న లోపం.

గనిలోంచి తోడిన నీటిని పొలాలకూ చెరువులకూ వదులుతున్నామని సంస్థలు చెబుతాయి. అది చాలాచోట్ల నిజమే, కొందరు రైతులకు మేలు జరిగిన మాటా నిజమే. అయితే మునుపు రైతు నీరు తన బావిలో ఉండేది, తన చేతిలో ఉండేది. ఇప్పుడు అది గని మోటారు మీద ఆధారపడింది. గని మూసేసిన రోజున మోటారూ ఆగుతుంది.

ఉమ్మడి భూముల సంగతి ఇంకా వింతగా ఉంటుంది. భూ వినియోగ పట్టికలో ‘బంజరు’, ‘నిరుపయోగ భూమి’ అన్న గళ్లు ఉంటాయి. గని వల్ల పోయేవాటిలో వ్యవసాయ భూమి తక్కువ, నిరుపయోగ భూమి ఎక్కువ అని చూపితే ప్రభావం తేలికగా కనిపిస్తుంది. ఆ నిరుపయోగ భూమిని మన రెవెన్యూ రికార్డుల్లోని మాటల్లోకి తిప్పి చదవండి: బంచరాయి, గైరాన్, పోరంబోకు, చెరువు శిఖం. బంచరాయి గొల్లకురుమల మందలు మేసే చోటు. వేసవిలో శిఖం ఎండితే అక్కడ గడ్డి, నిండితే ముదిరాజులకూ బెస్తలకూ చేపలు. వాగు ఒడ్డున ఈత, తాటి చెట్లు గౌడ్ల జీవనం. ఏజెన్సీ ఊళ్లలో అడవి అంచు నుంచి వచ్చే తునికాకు, ఇప్పపువ్వు కోయ, గోండు కుటుంబాలకు ఎండాకాలపు ఆదాయం. వీరెవరి పేరునా పట్టా లేదు. 2013 భూసేకరణ చట్టం కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, చేతివృత్తులవారిని కూడా ‘బాధిత కుటుంబం’ నిర్వచనంలోకి తెచ్చింది. అక్కడే మూడేళ్లుగా ఆ పని మీద బతుకుతూ ఉండాలన్నది షరతు. నిర్వచనం మంచిదే. కానీ నోటి మాటగా కౌలు చేసినవాడు, మందను మేపినవాడు ఆ మూడేళ్లను ఏ కాగితంతో రుజువు చేస్తాడు? భూమిని ‘నిరుపయోగం’ అని రాసిన పట్టిక అతని దగ్గరున్న ఒకే ఒక సాక్ష్యాన్ని కూడా ముందే కొట్టేస్తుంది.

కృత్యం: మీ ఊరి లేదా పొరుగూరి భూ వివరాల్లో ‘బంజరు’గా నమోదైన ఒక చోటును ఎంచుకోండి. ఏడాది పొడుగునా ఆ చోటును ఎవరెవరు, ఏ నెలల్లో, దేనికి వాడుకుంటారో ముగ్గురు పెద్దవారిని అడిగి ఒక పేజీలో రాయండి. ఆ పేజీని ‘నిరుపయోగం’ అన్న మాట పక్కన పెట్టి చదవండి.

పచ్చగా కనిపించే గుట్ట

గని మూతపడ్డ తర్వాత ఏమవుతుందన్నదానికి నివేదిక సమాధానం ‘పునరుద్ధరణ’. 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ గని మూసివేత ప్రణాళికకు మార్గదర్శకాలు తెచ్చింది. ఓపెన్‌కాస్టులకు హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున, అప్పటి ధరల్లో, విడిగా ఒక ఎస్క్రో ఖాతాలో జమ చేయాలని అందులో ఉంది. అంతకు ముందు ఆ మాత్రం కూడా లేదు కాబట్టి ఇది ముందడుగే. గుట్టలకు మెట్లు కట్టి, వాలును సుమారు 28 డిగ్రీలకు మించకుండా సరిచేసి, మొక్కలు నాటుతారు. కోల్‌బెల్ట్‌లో ప్రయాణిస్తే అలాంటి పచ్చటి గుట్టలు మీకు కనిపిస్తాయి. ఒట్టి రాళ్ల గుట్టకన్నా అవి నయం.

కానీ ‘పునరుద్ధరణ’ అంటే ఉన్నదాన్ని తిరిగి నిలపడం. ఉన్నది పొలం, మేత బీడు, చెరువు. వచ్చింది నీలగిరి, సుబాబుల్, వెదురు వంటి చెట్ల తోట. నీలగిరి ఆకును పశువు ముట్టదు. ఆ గుట్ట మీదికి మందను తోలనివ్వరు కూడా. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో, గనుల లీజుల్లో తవ్విన నేల మీద తిరిగి గడ్డి పెంచాలన్న షరతు చేర్చాలని, ఆ నేల మేతకూ మొక్కలకూ జంతువులకూ పనికొచ్చే స్థితికి రావాలని ఆదేశించింది. చెట్ల సంఖ్యను గాక మేతను కొలమానంగా తీసుకోవడం ఆ ఆదేశంలోని విశేషం. పశువుల కాపరి అడగాల్సిన ప్రశ్నను న్యాయస్థానం అడిగింది. మీ చేతిలోని నివేదిక 2020 తర్వాతదైతే, అందులో ‘గడ్డి’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, ‘మొక్కలు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి.

చివరికి మిగిలే గుంటను నీటి కుంటగా మారుస్తామని, చేపలు పెంచుతామని రాస్తారు. వంద, రెండు వందల మీటర్ల లోతుండే, నిటారు ఒడ్డుల ఆ మడుగును చెరువుతో పోల్చడం పదాల గారడీ. చెరువుకు తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది, కింద ఆయకట్టు ఉంటుంది, పశువు దిగి నీళ్లు తాగే వాలు ఉంటుంది.

కర్త లేని వాక్యాలు

భాష గురించి ఒక మాట. మీరు వ్యాకరణంలో కర్మణి ప్రయోగం చదివారు. తెలుగులో అది సహజం కాదని, మనం ‘రాముడి చేత రావణుడు చంపబడ్డాడు’ అని మాట్లాడమని కూడా చదివారు. అయితే ఈ నివేదికల తెలుగు సంక్షిప్తాలు చూస్తే ప్రతి పేరాలోనూ ‘నీరు చల్లబడును’, ‘మొక్కలు నాటబడును’, ‘తగిన చర్యలు తీసుకోబడును’ వంటి వాక్యాలు ఎదురవుతాయి. ఇది ఇంగ్లిషు నుంచి యథాతథంగా దించిన భాష అని తేలికగా వదిలేయవచ్చు. కానీ ఆ వాక్యాల్లో కర్త ఎక్కడున్నాడు? ఎవరు చల్లుతారు, రోజుకు ఎన్నిసార్లు, చల్లకపోతే ఎవరిని అడగాలి? ‘తగిన’ అన్న విశేషణం కూడా అటువంటిదే. ఎవరికి తగినవి? కర్మణి వాక్యాన్ని కర్తరిగా మార్చి రాయడం మీరు పదో తరగతిలో చేసిన అభ్యాసమే. అదే అభ్యాసాన్ని ఒక పేజీ సంక్షిప్తం మీద చేయండి. కర్త స్థానంలో రాయడానికి పేరు దొరకని వాక్యాలన్నీ విడిగా తీయండి. బాధ్యుడు లేని హామీల జాబితా మీ ముందు సిద్ధమవుతుంది.

నిలువెత్తు వాస్తవం ఇంకొకటి ఉంది. నిబంధన ప్రకారం స్థానిక భాషలోకి రావాల్సింది సంక్షిప్తం మాత్రమే. పూర్తి నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది. నీటి లెక్కలు, పటాలు, మూసివేత ప్రణాళిక అన్నీ ఆ పూర్తి ప్రతిలోనే. తెలుగులో పదీ ఇరవై పేజీలు చదివిన రైతు, ఇంగ్లిషులో వందల పేజీలు రాసినవారితో ఒకే వేదిక మీద వాదించాలి. 2020లో కొత్త పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని రాజ్యాంగంలోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ తర్కాన్నే ఒక గని నివేదికకు వర్తింపజేస్తే, ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరి భాషలో మొత్తం పాఠ్యం ఉండాలని అడగడం అతిగా కోరడమేమీ కాదు.

రెండో వైపు పాఠ్యాలు

నివేదికలను మాత్రమే విమర్శించి ఊరుకుంటే మనం సగం పనే చేసినట్టు. ఓపెన్‌కాస్టులకు వ్యతిరేకంగా వచ్చిన పాటలు, కరపత్రాలు, కవితలు కూడా పాఠ్యాలే. వాటిలో ఆవేశం ఉంది, న్యాయమైన దుఃఖం ఉంది. అయితే చాలావాటిలో గనికి ముందున్న ఊరు లోటు తెలియని బంగారు పల్లెగా కనిపిస్తుంది. ఆ ఊళ్లో భూమి లేని కూలీ ఉన్నాడు, చెరువు కింద మడి కొందరికే ఉంది, కరవు సంవత్సరాలు ఉన్నాయి. బాయి పని వచ్చాకే నెల జీతం ముఖం చూసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. భూగర్భ గనులు భద్రమైనవి కూడా కావు. 2003 జూన్‌లో గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. పైకప్పు కూలే ప్రమాదం లేకపోవడం, బొగ్గులో ఎక్కువ భాగాన్ని బయటికి తీయగలగడం ఓపెన్‌కాస్ట్‌కు అనుకూలంగా చెప్పే వాదనలు, అవి అబద్ధాలు కావు. రామగుండం, జైపూర్ థర్మల్ కేంద్రాల కరెంటు ఈ పాఠం చదువుతున్న మీ గదిలోనూ వెలుగుతూ ఉండవచ్చు.

అయినా నా మొగ్గు ఎటో దాచను. నివేదిక చేసే తప్పు, పాట చేసే తప్పు ఒక స్థాయివి కావు. పాట అతిశయోక్తి చెప్పినందువల్ల ఎవరి భూమీ పోదు. నివేదికలో ‘స్వల్పం’ అని రాసినందువల్ల అనుమతి వస్తుంది. కాబట్టి నివేదిక నుంచి ఎక్కువ ఖచ్చితత్వాన్ని కోరే హక్కు పాఠకుడికి ఉంది. పాట నుంచి నేను కోరేది ఒక్కటే: బంగారు పల్లెకు బదులు ఫలానా కుంట, ఫలానా బంచరాయి, ఫలానా బావి పేరు చెప్పడం. పేరు చెప్పిన పాట సాక్ష్యమవుతుంది.

సభలో ఏం జరుగుతుంది

ప్రజాభిప్రాయ సేకరణకు ఇంతమంది రావాలన్న కోరం ఏదీ లేదు. పదిమంది వచ్చినా అది జరిగినట్టే. సామర్థ్యం పెంచే ప్రాజెక్టుల్లో కొన్నిటికి ఈ సభ నుంచే మినహాయింపులు కూడా వచ్చాయి. సభ జరిగేచోట శామియానా, పోలీసు బందోబస్తు, రెండు వర్గాల నినాదాలు మీరు టీవీలో చూసి ఉంటారు. మైకు దొరికిన వారు ఉద్యోగాల గురించి, పరిహారం గురించి మాట్లాడతారు. అది సహజం. వాగు మళ్లింపు గురించి, మేత గురించి, మూసివేత ఖాతా గురించి అడిగేవారు తక్కువ.

మైకు దొరకకపోయినా లిఖితపూర్వకంగా అభిప్రాయం ఇవ్వవచ్చు. రాసేటప్పుడు పేజీ సంఖ్య, పట్టిక సంఖ్య పేర్కొనండి. ‘మా ఊరు నాశనమవుతుంది’ అన్న వాక్యానికి ‘తగిన చర్యలు తీసుకోబడును’ అన్న జవాబు సరిపోతుంది. ‘మా ఊరి పెద్ద చెరువుకు నీరు తెచ్చే వాగు గని హద్దులో పోతోంది. మళ్లించిన వాగు ఏ సంవత్సరంలో, ఎంత వెడల్పుతో పూర్తవుతుంది? ఈలోగా చెరువు ఎలా నిండుతుంది?’ అన్నదానికి ఆ జవాబు అతకదు.

సభ ముగిశాక జరిగిన చర్చ సారాంశాన్ని అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలని, ఆ రోజే సంతకాలు కావాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. లేవనెత్తిన అంశాలు, వాటికి సంస్థ ఇచ్చిన వివరణలు ఒక పట్టికగా తెలుగులోనూ ఇంగ్లిషులోనూ జతచేయాలి. తుది నివేదికలో వాటికి జవాబులు ఉండాలి. ఆ వందల పేజీల్లో ఊరివారి మాటలు నమోదయ్యే చోటు అదొక్కటే. జనం అప్పటికే లేచి వెళ్లిపోతూ ఉంటారు, కుర్చీలు సర్దుతూ ఉంటారు. చదివి వినిపించేదాకా కూర్చోండి. మీ వాగు ప్రశ్న ఆ సారాంశంలో మీరు అడిగిన మాటల్లోనే ఉందో, ‘పర్యావరణ సమస్యలు ప్రస్తావించబడ్డాయి’ అన్న ఒక్క వాక్యంగా మారిందో వినండి.